లేవీయకాండం 23వ అధ్యాయాన్ని మళ్లీ తెరవండి: తెలుగు సంఘాల కాపరులకు, పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాస్టరుగార్లకు, సంఘ పెద్దలకు, సండే స్కూలు నడిపే అక్కలకు, అన్నలకు ప్రభువు నామంలో వందనాలు.

బైబిలు పండుగల గురించి మన సంఘాల్లో ఇప్పుడు ఎక్కువగా రెండు రకాల మాటలే వినబడుతున్నాయి. అవి యూదులవి, ధర్మశాస్త్రంతోపాటే ముగిసిపోయాయి, మనకెందుకు అన్నది మొదటిది. రెండోది ఈమధ్య బాగా పెరిగింది. పొట్టేలు కొమ్ము బూర తెప్పించి వేదిక మీద ఊదుతున్నారు. ఫలానా పండుగకు కానుక పంపితే ఫలానా ఆశీర్వాదం అంటున్నారు. బూరలు ఊదే శృంగధ్వని పండుగ దగ్గర పడిందంటే చాలు, యేసు వచ్చి విశ్వాసులను తీసుకెళ్లే రోజు, అంటే సంఘం ఎత్తబడే తేదీ లెక్కలు మొదలవుతున్నాయి. ఈ రెండు మాటల మధ్య, దేవుడు ఆ పండుగలు ఎందుకు పెట్టాడో, వాటిని యేసు ఎలా నెరవేర్చాడో ఓపికగా నేర్పేవాళ్లు తగ్గిపోయారు. అందుకే ఈ ఉత్తరం.

నా మనవి ఇది. దేవుడు ఇశ్రాయేలుకు పెట్టిన పండుగల జాబితా ఉన్న లేవీయకాండం 23వ అధ్యాయాన్ని ఏడాది పొడవునా, ఏ పండుగ కాలానికి ఆ భాగాన్ని తీసుకుని సంఘంలో బోధించండి. వాటిని ఆచరించి తీరాలని నేను అనడం లేదు. ఆ అధ్యాయం తెలియకపోతే మన గుడ్ ఫ్రైడే, మన ఈస్టర్, మన బల్ల ఆరాధన, మన కోత పండుగ సగమే అర్థమవుతాయి. ముఖ్యంగా ఆ అధ్యాయంలోని 22వ వచనాన్ని దాటవేయకండి. దాని సంగతి కాసేపట్లో రాస్తాను.

ముందుగా పస్కా, అంటే ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాస్యం నుంచి విడుదలైన రాత్రిని గుర్తుచేసుకునే పండుగ. మన దగ్గర గుడ్ ఫ్రైడే అంటే మధ్యాహ్నం ఏడు మాటల ఆరాధన. ఆ ఏడు మాటలు మా పిల్లలకు కంఠతా వచ్చు. కానీ యేసు ఆ రోజునే, ఆ ఊళ్లోనే ఎందుకు చనిపోయాడని అడిగితే చాలామంది పిల్లలు చెప్పలేరు, చాలామంది పెద్దవాళ్లు కూడా చెప్పలేరు. నిర్గమకాండం 12వ అధ్యాయం చదవకుండా ఆ జవాబు దొరకదు. మొదటి నెల పదో రోజున ప్రతి ఇంటివాళ్లు ఏడాది వయసున్న, ఏ లోపమూ లేని మగపిల్లను ఏర్పరచుకోవాలి. పద్నాలుగో రోజు వరకు దాన్ని ఇంటి దగ్గరే ఉంచుకోవాలి. ఆ సాయంకాలం వధించి, రక్తాన్ని ద్వారబంధాలకు పూయాలి. మాంసాన్ని కాల్చి, పొంగని రొట్టెలతో, చేదు కూరలతో తినాలి. ఇల్లు చిన్నదైతే పొరుగింటివాళ్లను కలుపుకోవాలి. ఎముక ఒక్కటి కూడా విరవకూడదు. సిలువ దగ్గర సైనికులు యేసు కాళ్లు విరగ్గొట్టకుండా వదిలేసినప్పుడు యోహానుకు గుర్తొచ్చింది ఈ మాటే. పౌలు కొరింథీయులకు 'క్రీస్తు అను మన పస్కా పశువు వధింపబడెను' అని రాసినప్పుడు, ఆ సంఘంలోని అన్యజనులకు కూడా ఆ కథ తెలుసన్న నమ్మకంతోనే రాశాడు. మన సంఘాల గురించి అంత నమ్మకంగా చెప్పగలమా?

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని కూడా దాచకుండా చెప్పాలని నా కోరిక. మత్తయి, మార్కు, లూకా సువార్తల ప్రకారం కడరాత్రి భోజనం పస్కా భోజనమే. 'ఈ పస్కాను భుజింపవలెనని మిక్కిలి ఆశపడితిని' అని యేసే అన్నట్టు లూకా రాశాడు. యోహాను లెక్కలో మాత్రం ఆయనకు శిక్ష పడింది పస్కాను సిద్ధపరచే రోజున. దీన్ని ఎలా సరిపెట్టాలన్న దాని మీద పండితులు ఇప్పటికీ ఒక మాట మీద లేరు. కాలేజీకి వెళ్లే మన పిల్లలు ఇది ఫోన్‌లో చదివి టెన్షన్ పడేకంటే, మందిరంలో మీ నోటి నుంచి వినడం మంచిది. నలుగురు సువార్తికులూ ఆ మరణాన్ని పస్కాతోనే ముడిపెట్టారు, అందులో తేడా లేదు.

పస్కా విషయంలో ఇంకొకటి ఉంది. దేవుడు ఆ పండుగను అడిగే పిల్లల కోసం కూడా పెట్టాడు. ఈ ఆచారం ఏమిటని మీ కుమారులు అడిగినప్పుడు ఇలా చెప్పండి అని నిర్గమకాండం 12లోనే ఉంది. మీరు ఐగుప్తులో దాసులై ఉన్నారని జ్ఞాపకం చేసుకోండి అని ద్వితీయోపదేశకాండం 16 అంటుంది. తెలుగు క్రైస్తవులకు ఈ మాట ఇతరులకంటే బాగా అర్థం కావాలి. 1876-78 కరువులో ఒంగోలు ప్రాంతంలో మన పూర్వీకులు ఎందరో కూలికి బకింగ్‌హామ్ కాలువ తవ్వారు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని, మిషనరీ జాన్ క్లౌ కరువు సాయం నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది ఊరి బయట ఉంచబడినవాళ్లు, ఒకరి పొలంలో తరతరాలుగా చాకిరీ చేసినవాళ్లు. ఆ మునిమనవలు ఈరోజు టీచర్లు, నర్సులు, ఇంజనీర్లు. పస్కా గురించి చెప్పే రోజున మన పిల్లలకు ఎర్ర సముద్రంతోపాటు గుండ్లకమ్మ గురించీ చెప్పండి. ఎక్కడి నుంచి బయటికొచ్చామో మరిచిపోయిన జనం, ఇంకా బయటికి రాలేని వాళ్లను చూసి ముఖం తిప్పుకుంటుంది.

తరువాతది ప్రథమ ఫలముల పన, అంటే కోసిన పంటలో మొదటి కట్ట. పొంగని రొట్టెల పండుగ రోజుల్లో, విశ్రాంతి దినం మరుసటి రోజున, కొత్త పంటలో మొదటి పనను యాజకుడు దేవుని ముందు అల్లాడించేవాడు. ఆ కాలంలో మొదట కోతకొచ్చేది యవలు. రైతు కుటుంబంలో పుట్టినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మొదటి పన చేతికొచ్చిందంటే చేలో మిగతా పంట ఉన్నట్టే, అదీ ఇంటికొస్తుంది. పౌలు పునరుత్థానం గురించి రాస్తూ యేసును 'నిద్రించినవారిలో ప్రథమఫలము' అన్నాడు. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో మనం ఆరాధన చేసుకుంటాం కదా, అక్కడ చదవడానికి ఇంతకంటే సరైన వాక్యం లేదు. ఆయన లేచాడన్న వార్తతో ఆగిపోకండి. ఆ సమాధుల్లో ఉన్న మా అమ్మలు, నాన్నలు కూడా అదే చేలో పంట అని చెప్పండి.

ఆ పన అర్పించిన రోజు నుంచి యాభై రోజులు లెక్కపెడితే వారముల పండుగ. అదే పెంతెకొస్తు. మన దగ్గర ఈ మాట ఒక శాఖ పేరుగానే మిగిలింది. 'వాళ్లు పెంతెకొస్తు వాళ్లు' అంటాం, అంతే. అది గోధుమ కోత పండుగ అని, యెరూషలేము వీధులు ఆ రోజు అన్ని దేశాల యాత్రికులతో నిండి ఉండటానికి కారణం అదేనని చెప్పం. ఏడాదికి మూడుసార్లు ఇశ్రాయేలు మగవాళ్లందరూ దేవుని సన్నిధికి రావాలని ఆజ్ఞ ఉంది: పస్కాకు, వారముల పండుగకు, పర్ణశాలల పండుగకు. మనం ఎంతో ఇష్టంగా చదువుకునే 'కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను' అనే కీర్తనకు పైన యాత్రకీర్తన అని రాసి ఉంటుంది. 120 నుంచి 134 వరకు అవన్నీ యాత్రకీర్తనలే. పండుగకు నడిచి వెళ్లేవాళ్లు వాటిని పాడుకునేవారని అంటారు. పన్నెండేళ్ల యేసు నజరేతు నుంచి పస్కాకు వెళ్లింది కూడా అలాంటి యాత్రలోనే.

వారముల పండుగకు తెచ్చే రెండు రొట్టెలు పులిసిన పిండితో చేయాలి. పస్కా రోజుల్లో ఇంట్లో పులిసినది కనబడకూడదన్న దేవుడే, ఈ పండుగకు పులిసిన రొట్టెను తన సన్నిధికి తెమ్మన్నాడు. ఆ రెండు రొట్టెలు యూదులూ అన్యజనులూ అని చెప్పే బోధకులు ఉన్నారు. వాక్యం అలా చెప్పదు కాబట్టి నేను దాన్ని గట్టిగా పట్టుకోను. నన్ను ఆపేది ఆ పండుగ వివరాలు అయిపోగానే వచ్చే 22వ వచనం. పంట కోసేటప్పుడు పొలం అంచుల వరకు కోయకండి, రాలిన పరిగె ఏరుకోకండి, అవి బీదలకు, పరదేశులకు వదిలేయండి అని దేవుడు అంటాడు. ఆ తరువాత మళ్లీ పండుగల జాబితా కొనసాగుతుంది, ఏడో నెల శృంగధ్వని వస్తుంది. పండుగల మధ్యలో పొలం గట్టు చట్టం ఎందుకు? ఇదే ఆజ్ఞ 19వ అధ్యాయంలో అప్పటికే ఇచ్చాడు కదా. మళ్లీ ఇక్కడ, సరిగ్గా కోత పండుగ పక్కన పెట్టాడంటే, పరిగె ఏరుకునేవాళ్లకు దక్కకుండా చేసే పండుగ తన పండుగ కాదని చెప్పడానికే అని నేను నమ్ముతున్నాను.

రూతు కథ జరిగింది ఈ కాలంలోనే. యవల కోత మొదలైనప్పుడు నయోమితో కలిసి బేత్లెహేముకు వచ్చిన మోయాబు విధవరాలు, గోధుమ కోత అయిపోయేదాకా బోయజు చేలో పరిగె ఏరుకుంది. ఆ పరిగె లేకపోతే దావీదు లేడు, మత్తయి రాసిన వంశావళీ లేదు. ఈనాటికీ యూదులు వారముల పండుగకు రూతు గ్రంథం చదువుతారు. ఇప్పుడు అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయానికి రండి. ఆత్మ దిగివచ్చింది, భాషలు వినబడ్డాయి, మూడు వేలమంది చేర్చబడ్డారు. మన బోధ సాధారణంగా ఇక్కడ ఆగిపోతుంది. అధ్యాయం మాత్రం ఆగదు. ఆస్తులు అమ్మి 'అందరికిని వారి వారి అక్కరకొలది పంచిపెట్టిరి' అని ముగింపు దగ్గర రాసి ఉంది. పరిశుద్ధాత్మ వచ్చిన పండుగ రోజున, ఆ పండుగ పక్కనే రాసి ఉన్న చట్టం మనుషుల గుండెల్లోకి వెళ్లింది. భాషల వరం గురించి వాదించుకునే ఇరుపక్షాల పెద్దలకూ నా విన్నపం: ఈ వచనం గురించి కూడా అంత ఆసక్తిగా మాట్లాడండి.

మన కోత పండుగ సంగతి ఇక్కడే చెప్పాలి. చాలా సంఘాల్లో ఇది ఇంకా బతికే ఉంది. బియ్యం బస్తాలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కొబ్బరికాయలు, కోళ్లు మందిరానికి వస్తాయి, ఆరాధన తరువాత వేలం జరుగుతుంది. ఒక గెలను ఒకరి మీద ఒకరు పోటీపడి పాడుకుంటారు, ఆ సందడి నాకు ఇష్టం. మన అమ్మమ్మలు పొయ్యి మీద అన్నం పెట్టేముందు పిడికెడు బియ్యం తీసి దేవుని పని కోసం దాచిన అలవాటు కూడా ఈ పండుగకు చుట్టమే. అయితే వేలం డబ్బు ఎక్కడికి వెళ్తోంది? ప్రహరీ గోడకు, సౌండ్ సిస్టమ్‌కు, స్లాబుకు. అవి వద్దని నేను అనడం లేదు. ద్వితీయోపదేశకాండం 16లో పండుగకు ఎవరెవరు కూర్చోవాలో పేర్లు పెట్టి మరీ ఉంది: నీవు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, దేవుని సేవ చేసే లేవీయుడు, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు. పాస్టరుగారి వాటా అందులో ఉంది, చాలా సంతోషం. మిగిలిన ముగ్గురి వాటా మన లెక్కల పుస్తకంలో ఏ పేజీలో ఉందో చూపించండి. ఇప్పుడు వరి కోత మిషన్లు వచ్చాక చేలో పరిగె కూడా పెద్దగా మిగలడం లేదు. కాబట్టి పొలం అంచు ఎక్కడ వదలాలో సంఘమే కూర్చుని ఆలోచించాలి. కౌలు రైతు బకాయిలో వదలొచ్చు, కూలి రేటులో వదలొచ్చు, స్కూలు ఫీజులో వదలొచ్చు.

ఏడో నెల పండుగల దగ్గర నా బాధ వేరు. మొదటి రోజు శృంగధ్వని, పదో రోజు జనం పాపాల కోసం బలి అర్పించే ప్రాయశ్చిత్తార్థ దినం, పదిహేనో రోజు నుంచి పర్ణశాలల పండుగ. వసంతకాలపు పండుగలు యేసు మొదటి రాకడలో నెరవేరాయి, ఈ మూడూ రెండో రాకడలో నెరవేరతాయి అని చార్టు వేసి చెప్పడం అలవాటైంది. వినడానికి బాగుంటుంది. కానీ హెబ్రీ పత్రిక ప్రాయశ్చిత్త దినం గురించి ఏమంటుంది? క్రీస్తు తన స్వరక్తంతో ఒక్కసారే పరిశుద్ధస్థలంలో ప్రవేశించాడని, విమోచన సంపాదించాడని అంటుంది. అది జరిగిపోయిన పని. ప్రధాన యాజకుడు ఏడాదికొకసారి, భయపడుతూ తెర లోపలికి వెళ్లేవాడు. మనం ఎప్పుడైనా ధైర్యంగా వెళ్లొచ్చని ఆ పత్రిక గొంతెత్తి చెబుతోంది. అలాంటి పండుగను చార్టులో ఇంకా రాని కాలం కింద రాస్తే, సిలువ దగ్గర పూర్తయిన దాన్ని వాయిదా వేసినట్టు అవుతుంది. దయచేసి దీన్ని మరొకసారి పరిశీలించండి.

శృంగధ్వని పండుగ పేరుతో తేదీలు చెప్పడం ఇంకా ప్రమాదం. 2025 సెప్టెంబరు 23, 24 తేదీల్లో సంఘం ఎత్తబడుతుందని దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఒక మాట, ఆ పండుగతో ముడిపెట్టి, ప్రపంచమంతా ఫోన్లలో తిరిగింది. ఆ తేదీలు దాటిపోయాయి. అలాంటి వాటివల్ల రాత్రిళ్లు నిద్రపోనిది చిన్నపిల్లలు. ఆ దినం గురించి, ఆ గడియ గురించి తండ్రి తప్ప ఎవరూ ఎరుగరని యేసే చెప్పాడు కదా. శృంగధ్వని దేనికి గురుతో లేవీయకాండం పెద్దగా వివరించలేదు. వాక్యం తక్కువ చెప్పినచోట మనమూ తక్కువే చెబుదాం.

పర్ణశాలల పండుగ గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. పంటంతా ఇంటికి చేరాక, గాదెలు నిండాక, ఇల్లు వదిలి ఏడు రోజులు ఆకుల పందిళ్లలో ఉండమన్నాడు దేవుడు. అరణ్యంలో మీ పితరులు ఇలాగే ఉన్నారని మీ తరాలకు తెలియాలి అన్నాడు. చెరనుంచి తిరిగొచ్చాక నెహెమ్యా కాలంలో జనం ఒలీవ కొమ్మలు, గొంజి కొమ్మలు, ఈత మట్టలు తెచ్చి మిద్దెల మీద, వీధుల్లో పందిళ్లు వేసుకున్నప్పుడు బహు సంతోషం కలిగిందని ఉంది. ఆలయం ఉన్న రోజుల్లో ఈ పండుగకు సిలోయము కోనేటి నుంచి నీళ్లు తెచ్చి బలిపీఠం దగ్గర పోసేవారని, ఆవరణంలో పెద్ద దీపాలు వెలిగించేవారని యూదుల పాత గ్రంథాలు చెబుతాయి. ఆ పండుగ చివరి మహాదినాన యేసు నిలబడి 'ఎవడైనను దప్పిగొనినయెడల నా యొద్దకు వచ్చి దప్పి తీర్చుకొనవలెను' అని బిగ్గరగా అన్నాడు. తరువాతి అధ్యాయంలో 'నేను లోకమునకు వెలుగును' అన్నాడు. ఆ నీళ్లు, ఆ దీపాలు తెలిసినవాళ్ల చెవికి ఆ మాటలు వేరుగా వినబడతాయి.

ఈ పండుగ పేరు మనకు కొత్త కాదు. సువార్తికుడు భక్తసింగ్ గారు 1941లో మద్రాసులో మొదలుపెట్టిన పరిశుద్ధ సభలకు ఆధారం ఈ లేవీయకాండం 23వ అధ్యాయమే. తరువాత హైదరాబాదులో ఆయన సంఘ కేంద్రమైన హెబ్రోనులో వేలమంది పందిళ్ల కింద పడుకుని, ఒకే పంక్తిలో భోంచేసి రోజుల తరబడి వాక్యం విన్నారు. కులం అడగకుండా పక్కపక్కన కూర్చుని తినడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. గుంటూరు ప్రాంతంలో ఏటా గుడారాల పండుగ పేరుతోనే పెద్ద కూడికలు జరుగుతున్నాయి. వాటికి వెళ్లే లక్షలమందికి ఈ అధ్యాయాన్ని సావధానంగా నేర్పితే ఎంత మేలు! మరి హైదరాబాదు చుట్టుపక్కల ఇటుక బట్టీల దగ్గర ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు టార్పాలిన్ల కింద నెలల తరబడి ఉంటున్నాయి. గుడారం వాళ్లకు పండుగ కాదు, బతుకు. పర్ణశాలల పండుగ గురించి బోధించే సంఘం ఆ బట్టీల వైపు ఒకసారైనా వెళ్లకపోతే, పరదేశి అన్న మాట ఎవరి గురించి చదువుతున్నట్టు?

'పండుగ అమావాస్య విశ్రాంతిదినము అనువాటి విషయములో' మీకు తీర్పు తీర్చే అవకాశం ఎవరికీ ఇవ్వకండి అని కొలొస్సయులకు పౌలు రాశాడు కదా, మళ్లీ ఇవన్నీ ఎందుకని మీలో కొందరు అడుగుతారు. ఆ వచనాన్ని నేనూ పూర్తిగా నమ్ముతాను. పస్కా చేయనివాడు తక్కువ విశ్వాసి అని ఎవరైనా అంటే, వాళ్లకు ఈ వచనమే జవాబు. కానీ అదే చోట అవి రాబోయేవాటి ఛాయ, నిజస్వరూపం క్రీస్తులో ఉందని రాశాడు. ఆ నిజస్వరూపం ఎవరిదో పోల్చుకోవడానికే ఇశ్రాయేలుకు ఇన్ని వందల ఏళ్లు ఆ ఛాయను చూపించాడు దేవుడు. ఆచరించే బరువు మన మీద లేదు, అర్థం తెలుసుకునే అవకాశం మాత్రం ఉంది.

ఇంకొక జాగ్రత్త. ఇవి యూదులకు పాతబడిన కథలు కావు, ఈరోజుకీ వాళ్ల ఇళ్లలో బతికున్న పండుగలు. క్రీ.శ. 70లో ఆలయం కూలిపోయాక బలులు లేకుండానే, భోజనబల్ల దగ్గర, ప్రార్థనలో వాటిని నిలబెట్టుకున్నారు. మన చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కూడా యూదు ఆచారాలు పాటించే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. వాళ్ల వస్త్రాలు, వాళ్ల బూరలు తెచ్చి వేదిక అలంకరణకు వాడుకోవడం మర్యాద అనిపించుకోదు. గుడ్ ఫ్రైడే రోజున 'యూదులే యేసును చంపారు' అనే బోధ యూరప్‌లో శతాబ్దాలపాటు ఆ జనం మీద దాడులకు కారణమైంది. రోమన్ కతోలిక సంఘం 1965లో వాటికన్ మహాసభలో, ఆ మరణ నేరాన్ని అప్పటి యూదులందరి మీదా, ఇప్పటి యూదుల మీదా మోపకూడదని స్పష్టంగా ప్రకటించింది. మన మందిరాల్లో కూడా ఆ మాట వినబడాలి. యేసు, మరియ, పేతురు, పౌలు అందరూ ఈ పండుగలు చేసుకుంటూ పెరిగిన యూదులే.

కాబట్టి వచ్చే ఏడాది మీ సంఘ క్యాలెండరు వేసేటప్పుడు ఈ నాలుగు ఆలోచించండి. గుడ్ ఫ్రైడేకి ముందు ఆదివారం నిర్గమకాండం 12 మొత్తం చదివించండి, అర్థం అడగమని పిల్లలకు చెప్పండి. ఈస్టర్ నుంచి పెంతెకొస్తు వరకు ఏడు ఆదివారాలు ఉంటాయి, అందులో రూతు గ్రంథం నాలుగు అధ్యాయాలూ పూర్తవుతాయి. అక్టోబరు ప్రాంతంలో యోహాను 7, 8 అధ్యాయాలు పర్ణశాలల పండుగతో కలిపి బోధించండి. ఇక కోత పండుగ రోజున, వేలం మొదలయ్యే ముందే, విధవరాలికి, తండ్రిలేని బిడ్డకు, పరదేశికి ఎంత వాటా అన్నది పెద్దలు తీర్మానం చేసి మైకులో చదవండి. ఆ తరువాత గెల ఎంతకు పోయినా సరే.

ప్రభువునందు,
ఒక సండే స్కూలు టీచరు